మంచుపై గిరికీలు, దిగుచోటు

స్కీలను పొడుగుపలకలను పాదములకు బిగించుకొని మంచువాలున జారి, గుట్టపైనుండి యెగిరి, గాలిలో గిరగిర దిరిగి దిగుట యొక విద్య. 2022లో బీజింగు ఒలింపిక్కులయందు ఐలీన్ గూ యను పదునెనిమిదేండ్ల బాలిక, తాను అంతకు మున్ను పోటీలయందెన్నడును సాధింపని 1620 డిగ్రీల, అనగా నాలుగున్నర చుట్ల, గిరికీని కడపటి యవకాశమున జేసి స్వర్ణపతకము గొనెను. దానిని జూచి పిల్లలు చుట్లనే యెన్నుదురు. ఆమె చూపు నెవ్వరెన్నుదురు?

మా యభిప్రాయమున ముందు నేర్వవలసినది చూపే. ఒక్క చుట్టు దిరుగువాడు తలను తిరుగుదిక్కునకే త్రిప్పి, భుజము మీదుగా దిగుచోటును వెదకవలెను. సగము చుట్టున వీపు దిగుచోటువైపుండును. గుండె జారెడు క్షణమదియే. అప్పుడు భయమున కాళ్లవంక జూచెనా, మేను వంగును, గిరికీ వాలిపోవును. చోటు ముందుగా గనబడినవానికి మోకాళ్లు వంచుకొనుటకు వ్యవధి చిక్కును. వెనుకకు దిగెడు 180, 540 డిగ్రీల గిరికీలలో కిటుకు వేఱు. అందు కడపట తలను ఇంకను త్రిప్పినచో మేనును దాని వెంటబోవును. కావున చూపును వచ్చిన గుట్టవైపే నిలుపవలెను.

స్తంభము పట్టుకొని తిరిగిన పిల్లలకు, నిలిచిన పిదపను లోకము దిరుగుట తెలిసినదే గదా! చెవిలోని ద్రవము వెంటనే యాగకుండుటయే దానికి గారణము. ఆ భ్రమను కన్నులే దిద్దవలెను.

గాలిసంచిమీద నభ్యాసము మంచిదే. కాని యది తప్పును మన్నించును, మంచు మన్నింపదు. కావున శిష్యుడు ట్రాంపొలీనుపై ప్రతి చుట్టునను తాను చూచిన గుఱుతేదో చెప్పగలుగువఱకు, గురువులు రెండవ చుట్టు ననుమతింపరాదని మా మనవి.