రబ్బరా, ఇనుమా?

జిమ్‌కెళ్లే కుర్రాడున్న ఇళ్లలో ఈమధ్య ఇదో కొత్త పంచాయితీ. భుజం పట్టేసిందని వెళ్లిన అమ్మమ్మకు ఫిజియోథెరపిస్టు ఓ పసుప్పచ్చ రబ్బరు బ్యాండ్ ఇచ్చి, రోజూ లాగమంటారు. మనవడు దాన్ని చూసి నవ్వుతాడు. 'దీంతో బలమెక్కడొస్తుంది అమ్మమ్మా, బరువులెత్తాలి గానీ' అంటాడు. ఆవిడేమో వాడి డంబెల్స్‌కి దూరం నుంచే ఓ దండం పెడుతుంది.

నిజానికి కండరానికి రబ్బరని, ఇనుమని తేడా తెలీదు. ఎదురుగా ఎంత బలం లాగుతోంది, దాన్ని తట్టుకోవడానికి తానెంత కష్టపడుతోంది... దానికి తెలిసింది ఇంతే. చివరి రెండుమూడు సార్లు 'అమ్మో, ఇక చాలు' అనిపించేదాకా చేస్తే, చేతిలో ఏదున్నా కండరం గట్టిపడుతుంది. బ్యాండ్లతో చేసినవారినీ, మామూలు బరువులతో చేసినవారినీ పోల్చిన ఎనిమిది అధ్యయనాలను బ్రెజిల్ పరిశోధకులు 2019లో ఒకచోట చేర్చి లెక్కగట్టారు. బలం పెరగడంలో చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు.

అలాగని రెండూ ఒకటేనా అంటే, కాదు. డంబెల్ పట్టుకుని మోచెయ్యి మడవండి. ముంజెయ్యి నేలకు సమాంతరంగా వచ్చినచోట బరువు ఎక్కువనిపిస్తుంది. భుజం దగ్గరికొచ్చేసరికి తేలికవుతుంది. అదే బ్యాండ్‌ని కాలికింద తొక్కిపట్టి లాగితే మొదట్లో ఏమీ ఉండదు, సాగేకొద్దీ బిగుస్తుంది. పైగా ఇనుము ఎప్పుడూ కిందికే లాగుతుంది. వీపు కండరాలకు డంబెల్‌తో పని చెప్పాలంటే నడుము వంచాల్సిందే. బ్యాండ్‌ని కిటికీ ఊచకు కడితే కుర్చీలో నిటారుగా కూర్చుని లాగొచ్చు. నడుం నొప్పి ఉన్నవాళ్లకు ఇది చిన్న సౌకర్యం కాదు. కొన్ని వందల రూపాయలకు దొరుకుతుంది, ఊరెళ్తే చేతిసంచిలో పడేసుకోవచ్చు.

మరి ఇనుము గొప్పేంటి? లెక్క! 2000లో సిడ్నీ ఒలింపిక్స్‌లో మన శ్రీకాకుళం ఆడపడుచు కరణం మల్లీశ్వరి మొత్తం 240 కిలోలెత్తి కాంస్యం తెచ్చారని ఇప్పటికీ చెప్పుకుంటున్నాం. ఏ రంగు బ్యాండ్ లాగారో ఎవరైనా అలా చెప్పుకోగలరా? ఒక కంపెనీ ఎరుపు మరో కంపెనీ ఎరుపుతో సమానం కాదు. పైగా ఎంత దూరం సాగదీశామన్నదాన్నిబట్టి బరువు మారిపోతుంది. అందుకే అసలు చిక్కంతా ఇక్కడొస్తుంది. మొదటిరోజు ఇచ్చిన పసుప్పచ్చ బ్యాండ్‌నే ఏడాది తర్వాత కూడా లాగుతుంటారు చాలామంది. తప్పు రబ్బరుది కాదు, రంగు మార్చకపోవడానిది. ఇరవైసార్లు లాగినా ఆయాసం రావడం లేదంటే ఆ బ్యాండ్ పనైపోయినట్టే.

ఎముకల విషయంలో మాత్రం మనవడి మాటలో కొంత నిజముంది. అంతరిక్షంలో దేనికీ బరువుండదు కదా, డంబెల్స్ అక్కడ దండగ. అందుకని అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రంలో మొదట్లో వ్యోమగాములకు రబ్బరులా సాగే పదార్థంతో పనిచేసే పరికరాన్ని ఇచ్చారు. దాని శక్తి దాదాపు 136 కిలోలు. మనకది చాలా ఎక్కువే. కానీ ఒంటి బరువు కూడా కాళ్లమీద పడని చోట అది చాలలేదు, ఎముకలు పలచబడటం ఆగలేదు. 2008లో దాదాపు 272 కిలోల దాకా బలమివ్వగల కొత్త యంత్రాన్ని పంపారు. దాంతో వ్యాయామం చేస్తూ సరిగా తిన్నవారిలో ఎముకల సాంద్రత చాలావరకు నిలబడిందని 2012లో నాసా శాస్త్రవేత్తలు వెల్లడించారు. ఎముకకు గట్టి బరువే కావాలన్నమాట. బ్యాండ్‌తో కాళ్లకు, తుంటికి అంత బరువు అందించడం కష్టం.

కాబట్టి అమ్మమ్మ భుజాలకు, వీపుకు బ్యాండ్ ఉండనివ్వండి. కాళ్లకు మాత్రం ఆవిడ ఒంటి బరువుతోనే మొదలెట్టొచ్చు. చేతులు ఆనించకుండా కుర్చీలోంచి లేచి కూర్చోవడం... పది సార్లు. అది సులువయ్యాక కిలో కందిపప్పు ప్యాకెట్ గుండెకు హత్తుకుని, ఆ తర్వాత రెండు కిలోలు. బస్సు మెట్టెక్కడానికీ, స్నానాలగదిలో కాలు జారితే నిలదొక్కుకోవడానికీ అక్కరకొచ్చేవి ఆ తొడ కండరాలే. అరవై అయిదు దాటినవారు వారానికి మూడు రోజులైనా బలం, తూకం పెంచే కసరత్తులు చేయాలన్నది ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో ఇచ్చిన సలహా. నలభైల్లో ఉన్న అమ్మానాన్నలైతే డంబెల్స్‌కి జంకనక్కర్లేదు. నిండు గ్యాస్ బండ దాదాపు 30 కిలోలుంటుంది, దాన్ని వంటింట్లోకి జరుపుతున్నది ఎవరు మరి! రక్తపోటు, గుండెజబ్బు ఉన్నవాళ్లు ముందు డాక్టర్‌ని అడగాలి. ఎవరైనా సరే, ఊపిరి బిగబట్టి లాగకూడదు.

బ్యాండ్ కాలిమీద పడదు గానీ, తెగితే మొహానికి కొడుతుంది. కంటికి తగిలిందంటే ప్రమాదమే. లాగే ముందు ఓసారి సాగదీసి, పగుళ్లు, గాట్లు ఉన్నాయేమో చూసుకోండి. తలుపుకి బిగిస్తే గడియ వేయండి, లాగేకొద్దీ ఇంకా బిగుసుకునే వైపే నిలబడండి. అన్నట్టు, పని అయ్యాక దాన్ని తీసుకెళ్లి డాబామీద బట్టల దండేనికి వేయకండి. ఎండకు రబ్బరు పెళుసెక్కుతుంది.