రోజుకొక్కటి చాలు!

"వదినగారూ, వచ్చే వేసవికి పిల్లల్ని తీసుకుని యూరప్ వెళ్దామంటున్నారు మావారు. పదిరోజుల్లో ఏడు దేశాలట! చంటిదానితో అవుతుందంటారా?" అని మొన్న మా ఎదురింటి అమ్మాయి అడిగింది.

"అవుతుందమ్మా. కానీ తిరిగొచ్చాక నీకు మరో పదిరోజులు సెలవు కావాలి" అన్నాను. నవ్వేసింది గానీ, నేను వేళాకోళానికి అన్నమాట కాదది.

ఒక్కసారి ఆలోచించండి. ఇంట్లో ఎనిమిదింటికల్లా అన్నం పెట్టకపోతే పేచీ పెట్టే పిల్లవాడు పరాయి దేశంలో మాత్రం బుద్ధిగా కూర్చుంటాడా? రోజుకో ఊరు మారుతుంటే పెట్టెలు సర్దేదెవరు? తడిసిన గౌనులు ఉతికి ఆరేసేదెవరు? మనమేగా! ఏడు దేశాలు చూశామని చెప్పుకోవడానికి బాగానే ఉంటుంది. తీరా చూస్తే అందులో సగం బస్సు కిటికీలోంచి చూసినవే.

అందుకే నా సలహా ఒక్కటే. ఒకే ఊరు, ఐదారు రోజులు, రోజుకొక్కటే చూడడం. 2023 జూన్‌లో మేం ఏడేళ్ళ బాబుతో, మూడేళ్ళ పాపతో ఆస్ట్రియా రాజధాని వియన్నా వెళ్ళాం. అక్కడ నేర్చుకున్న నాలుగు సంగతులూ మీతో చెప్పుకుంటాను. మీరు వెళ్ళేది మరో ఊరైనా వీటిలో చాలామటుకు పనికొస్తాయి.

బసలో వంటిల్లు ఉండాలి

హోటల్ గదికన్నా చిన్న వంటిల్లు, బట్టలుతికే మిషను ఉన్న అద్దె ఫ్లాటు తీసుకోండి. ట్రాము స్టాపుకి నడిచివెళ్ళే దూరంలో ఉండాలి. అక్కడి పాత భవనాల్లో కొన్నిటికి లిఫ్టు ఉండదు. ముందే అడిగి తెలుసుకోకపోతే పిల్లనీ, తోపుడుబండినీ మోసుకుంటూ మెట్లెక్కాల్సొస్తుంది.

మన గడియారానికీ వాళ్ళ గడియారానికీ వేసవిలో మూడున్నర గంటలు, చలికాలంలో నాలుగున్నర గంటలు తేడా. మనమే ముందుంటాం. ఇక్కడ ఆరున్నరకి లేచే పిల్లలు అక్కడ తెల్లవారుజామున మూడింటికే లేచి "అమ్మా, ఆకలి!" అంటారు. ఆ వేళకి ఏ హోటలు తెరిచి ఉంటుంది చెప్పండి? మా ఇంట మొదటి రెండు రోజులూ మూడున్నరకే ఉప్మా తయారైంది! పైగా జూన్‌లో రాత్రి తొమ్మిది దాకా వెలుగుంటుంది. కిటికీ తెరలు దించితేగానీ పిల్లలు పడుకోరు.

ఆదివారం అక్కడ కిరాణా కొట్లు మూసేస్తారు. పెద్ద రైల్వే స్టేషన్లలో ఒకటీ అరా తెరిచి ఉంటాయి. పాలు, పెరుగు, రొట్టె, బంగాళాదుంపలు శనివారమే తెచ్చుకోండి. మంచినీళ్ళ సీసాలకి మాత్రం డబ్బు తగలెయ్యకండి. ఆల్ప్స్ కొండల ఊటనీళ్ళు 1873 నుంచీ గొట్టాల ద్వారా ఆ ఊరికి వస్తున్నాయి. కుళాయి తిప్పి నిశ్చింతగా తాగొచ్చు.

పెట్టెలో ఏవి? ఏవి వద్దు?

ఉప్మారవ్వ, అటుకులు, కందిపొడి, పొడిగా వేయించిన కరివేపాకు పొడి, కాస్త చింతపండు, పోపుసామాను చాలు. ఊరగాయ పట్టుకెళ్తే మూత చుట్టూ టేపు చుట్టి, రెండు ప్లాస్టిక్ సంచుల్లో పెట్టి పెద్ద పెట్టెలో వేయండి.

నెయ్యి, పాలకోవా, పాలమిఠాయిలు మాత్రం వద్దు. బయటి దేశాలవాళ్ళు పాలతో, మాంసంతో చేసినవి వెంట తేవడాన్ని యూరోపియన్ యూనియన్ నిషేధించింది. పసిపిల్లల పాలపొడికి మాత్రం మినహాయింపుంది. పచ్చి కరివేపాకు, మామిడిపళ్ళు కూడా అంతే, సర్టిఫికెట్ లేకుండా రానివ్వరు. అత్తగారు ముచ్చటపడి కట్టిన నేతి సీసాని విమానాశ్రయంలో పారేయించడం ఎందుకు చెప్పండి?

మరో చిన్న చిట్కా. ఒక ఖాళీ నీళ్ళసీసా, కొంచెం చిల్లర ఎప్పుడూ సంచిలో ఉంచుకోండి. స్టేషన్లలో బాత్‌రూములకి డబ్బులు అడుగుతారు, లోపల మగ్గు ఉండదు. విషయం మీకు అర్థమైందిగా!

పొద్దున ఒకటి, మధ్యాహ్నం నిద్ర

మేం పెట్టుకున్న పద్ధతి ఇది. పొద్దున ఒక చోటు చూడడం. మధ్యాహ్నం ఇంటికొచ్చి పప్పన్నం తిని పడుకోవడం. సాయంత్రం దగ్గర్లోని పార్కు. అంతే!

షోన్‌బ్రున్ రాజభవనానికి ఒకరోజు కేటాయించండి. పదహారుమంది పిల్లల్ని కన్న మరియా థెరీసా మహారాణి ఉన్న చోటు అది. రాచబట్టలు వేసుకుని ఆడుకునేందుకు పిల్లల మ్యూజియం ఉంది. తోటలోకి టిక్కెట్టు లేదు. ఆవరణలోనే 1752లో మొదలైన జంతుప్రదర్శనశాల ఉంది. ఇప్పటికీ నడుస్తున్నవాటిలో ప్రపంచంలోకెల్లా పాతది అదే. కానీ భవనం, జంతుశాల రెండూ ఒకేరోజు పెట్టుకోకండి. మేం ఆ పొరపాటు చేశాం. ఏనుగుల దగ్గరికి వెళ్ళేసరికి పాప నిద్రపోయింది, బాబు నేలమీద కూలబడి ఏడుపు లంకించుకున్నాడు.

ప్రాటర్ అనే పెద్ద పార్కులో 1897 నాటి జెయింట్ వీల్ ఉంది. దాదాపు 65 మీటర్ల ఎత్తు. మన తిరునాళ్ళ రంగులరాట్నంలా గిర్రున తిరగదు. చెక్కగదుల్లో నిలబడి ఊరంతా చూస్తూ నెమ్మదిగా పైకి వెళ్తాం. పార్కులోకి ఉచితమే, ఎక్కినవాటికే డబ్బు. వానపడిన రోజు నేచురల్ హిస్టరీ మ్యూజియంలో డైనోసార్ అస్థిపంజరాలు చూడండి. పంతొమ్మిదేళ్ళలోపు వాళ్ళకి అక్కడ టిక్కెట్టు లేదు.

నా ప్రాణాలు పోయిన పదిహేను నిమిషాలు

ఇది చెప్పడానికి ఇప్పటికీ గుండె దడదడలాడుతుంది. మూడోరోజు ట్రాములో వస్తున్నాం. మా స్టాపు రాగానే ముందు తలుపులోంచి మావారు, బాబు దిగేశారు. నేను తోపుడుబండితో, పాపతో వెనక తలుపు దగ్గర నిలబడ్డాను, తెరుచుకుంటుంది కదా అని. అక్కడి ట్రాముల్లో తలుపు తనంతట తను తెరుచుకోదు, పక్కనున్న బొత్తాం నొక్కాలి. ఆ సంగతి నాకెవరు చెప్పారు? రోజూ మావారే నొక్కేవారు. ట్రాము కదిలిపోయింది.

కిటికీలోంచి బాబు "అమ్మా!" అంటూ పరుగెత్తడం కనిపించింది. నా ఫోనులో రోమింగ్ లేదు. బస చిరునామా మావారి ఫోనులో ఉంది. పాస్‌పోర్టులు, కార్డులు, డబ్బు, అన్నీ ఆయన సంచిలో. ఇంట్లో ఉప్పు నుంచి పిల్లల ఫీజుల దాకా ఏది ఎక్కడుందో నాకు తెలుసు. అక్కడ మాత్రం నేనెక్కడున్నానో నాకే తెలీదు!

పక్కనున్న ఒక పెద్దావిడ నా ముఖం చూసి, తర్వాతి స్టాపులో తనే బొత్తాం నొక్కి, బండి దించడానికి చెయ్యిసాయం చేసింది. భాష రాదు, కళ్ళతోనే దణ్ణం పెట్టాను. కదలకుండా అక్కడే నిలబడ్డాను. పదిహేను నిమిషాలకి మావారు చెమటలు కక్కుకుంటూ, బాబు చెయ్యి పట్టుకుని పరుగెత్తుకొచ్చారు. ఎవరూ ఎవర్నీ ఏమీ అనలేదు. ఆ రాత్రి మాత్రం కూర్చుని కొన్ని నియమాలు రాసుకున్నాం. మీరూ రాసుకోండి:

● ఇల్లాలి ఫోను కూడా అక్కడ పనిచెయ్యాలి. చిరునామా కాగితం మీద రాసి సంచిలో ఉంచుకోవాలి.

● డబ్బు, ఒక బ్యాంకు కార్డు విడిగా మీ దగ్గర ఉండాలి.

● పిల్లల జేబులో తల్లిదండ్రుల ఫోన్ నంబర్లు రాసిన చీటీ పెట్టాలి.

● విడిపోతే, ముందుకెళ్ళినవారు తర్వాతి స్టాపులో దిగి అక్కడే ఆగాలి. వెనకున్నవారే రావాలి.

● ఆపదలో 112. యూరోపియన్ యూనియన్ దేశాలన్నిట్లో ఇదే నంబరు.

కాగితాల సంగతి

షెంగెన్ వీసాకి ప్రయాణానికి ఆరునెలల ముందునుంచీ దరఖాస్తు చేసుకోవచ్చు. 2024 జూన్‌లో పెంచిన లెక్కప్రకారం పెద్దలకి 90 యూరోలు, ఆరు నుంచి పన్నెండేళ్ళలోపు పిల్లలకి 45. ఆరేళ్ళలోపు వారికి ఉచితం. చంటిబిడ్డకైనా విడిగా పాస్‌పోర్టు కావాలి. 30,000 యూరోలకి తగ్గని వైద్యబీమా తప్పనిసరి.

మీకూ ఒక పూట

చివరగా ఒక్కమాట. సెలవు మనక్కూడా! ఐదోరోజు సాయంత్రం మావారికి పిల్లల్ని అప్పగించి, నేనొక్కదాన్నే ట్రామెక్కి (బొత్తాం నేనే నొక్కి దిగి!) ఒక పాత కాఫీహౌస్‌కి వెళ్ళాను. వాళ్ళ మెలాంజ్ మన పాలకాఫీకి దగ్గరి చుట్టం. పళ్ళెంలో కాఫీతోపాటు గ్లాసుడు నీళ్ళూ పెట్టి తెస్తారు. ఒక్క కప్పుతో ఎంతసేపు కూర్చున్నా లెమ్మనరు. గంటసేపు కూర్చున్నాను. "అమ్మా" అని ఎవరూ పిలవలేదు.

ఇంటికొచ్చేసరికి బాబు పాపకి అటుకులు తినిపిస్తున్నాడు, మావారు గిన్నెలు కడుగుతున్నారు. ఆ ప్రయాణం మొత్తంలో నేను చూసిన గొప్ప దృశ్యం ఏదని అడిగితే, ఏ రాజభవనం పేరూ చెప్పను సుమండీ!