యూనియన్లే ముంచాయట, లెక్క చూద్దాం రండి



మన గ్రూపులో మూడు రోజులుగా ఒక మెసేజ్ తిరుగుతూ ఉంది. యూనియన్ల వల్లే దేశం వెనకబడిందట, బెంగళూరులో పెద్ద పెద్ద ఫ్యాక్టరీలు మూతపడింది స్ట్రైకుల వల్లేనట, ఇప్పుడు కొత్త లేబర్ కోడ్లు వచ్చాయి కాబట్టి ఇక అంతా బాగుపడిపోతుందట. దాని కింద నలభై రెండు చప్పట్ల బొమ్మలు. చప్పట్లు కొట్టినవాళ్ళలో సగం మంది పి.ఎఫ్., గ్రాట్యుటీ, పింఛను తీసుకుంటున్నవాళ్ళే. ఇవి ఏ యజమాని దయదలచి ఇచ్చాడో ఒక్కరైనా రాసి ఉంటే బాగుండేది.

మేము ఐదారుగురం రైల్వే పింఛనుదార్లం. సాయంత్రం పార్కు బెంచీ మీద కూర్చుని ఈ మెసేజ్ గట్టిగా చదువుకున్నాం. ఊరుకుందాం అన్నారు ఒకాయన. ఊరుకునేవాళ్ళమే, కానీ దీని వెనకాల మన హాలు సంగతి ఒకటి ఉంది. దాని దగ్గరికి వస్తాం.

ముందు ఫ్యాక్టరీల లెక్క. 1980 డిసెంబరు 26న ఈ ఊళ్ళో హెచ్.ఎ.ఎల్., బి.ఇ.ఎల్., బి.ఇ.ఎం.ఎల్., హెచ్.ఎం.టి., ఐ.టి.ఐ. కార్మికులు కలిసి సమ్మెకు దిగారు. లక్ష మందికి పైనే. 77 రోజులు సాగింది. గుండూరావు గారు ముఖ్యమంత్రి. వాళ్ళు అడిగింది భెల్‌లో ఇచ్చే జీతాలకు సమానంగా జీతం, అంతే. ఇప్పుడు చెప్పండి, స్ట్రైకు ఫ్యాక్టరీని చంపేదే అయితే అయిదూ పోవాలి కదా? హెచ్.ఎ.ఎల్.కు 2024లో మహారత్న హోదా వచ్చింది. బి.ఇ.ఎల్. 2007 నుంచి నవరత్న. ఆ 77 రోజులు ఈ రెండింటి గేట్లూ మూసే ఉన్నాయి మరి.

హెచ్.ఎం.టి. వాచీ పోయింది క్వార్ట్జ్ వాచీ వల్ల. 1984లో మన పక్కనే హోసూరులో టైటాన్ పుట్టింది, తర్వాత దిగుమతులకు తలుపులు తెరిచారు, హెచ్.ఎం.టి.కి కొత్త యంత్రాలకు డబ్బు పెట్టవలసిన వాళ్ళు పెట్టలేదు. 2016లో వాచీల కంపెనీ మూసేస్తున్నామని తేల్చిన రోజు అక్కడ ఎవరూ ఎర్రజెండా పట్టుకుని నిలబడి లేరు. బిన్నీ మిల్లు సంగతీ అంతే. సిటీ స్టేషన్ నుంచి నడిచిపోయే దూరం. నూలు కన్నా నేల ఎక్కువ పలికే కాలం వచ్చాక ఆ మిల్లు ఎలా నిలుస్తుంది? ఇప్పుడు అక్కడ అపార్ట్‌మెంట్లు ఉన్నాయి. మన సభ్యులు కూడా ఉంటున్నారు, వాళ్ళ తప్పేమీ లేదు.

బిన్నీ అనగానే ఇంకొకటి గుర్తొస్తుంది. మేము బళ్ళో చదివింది తమిళం, మద్రాసు కథలు అలా తెలుసు. 1918లో బిన్నీ వాళ్ళ బకింగ్‌హాం, కర్నాటక్ మిల్లుల కార్మికుల కోసం మద్రాస్ లేబర్ యూనియన్ పుట్టింది. అధ్యక్షుడు బి.పి. వాడియా, దాన్ని మొదలుపెట్టిన ఇద్దరిలో ఒకరు రామానుజులు నాయుడు గారు. కంపెనీ ఏం చేసింది? హైకోర్టుకు వెళ్ళి, కార్మికుల తరఫున మాట్లాడినందుకు నష్టపరిహారం కట్టమని వాడియా మీదే దావా వేసింది. ఆ గొడవలోంచే చివరికి 1926లో ట్రేడ్ యూనియన్ల చట్టం వచ్చింది. అంటే కూలివాళ్ళు ఒక్కటై మాట్లాడితే అది నేరం కాదు అని చెప్పడానికి ఒక చట్టం కావలసి వచ్చింది. ఆ చట్టానికి వందేళ్ళు నిండకుండానే, 2025 నవంబరు 21న, దాన్ని కొత్త కోడ్‌లో కలిపేశారు.

కోడ్ బాగుందని చప్పట్లు కొట్టినవాళ్ళు చదివే కొట్టారా? ఇంతకు ముందు రైల్వే, నీళ్ళు, కరెంటు లాంటి వాటిలోనే సమ్మెకు నోటీసు తప్పనిసరి. ఇప్పుడు ఏ ఫ్యాక్టరీలోనైనా 14 రోజుల నోటీసు ఇవ్వాలి. సగం మంది ఒకే రోజు సెలవు పెట్టినా అది సమ్మె కిందే లెక్క. యజమాని వైపు చూడండి: మనుషుల్ని తీసేయాలంటే ఇదివరకు వంద మంది ఉన్న ఫ్యాక్టరీ ప్రభుత్వాన్ని అడగాలి, ఇప్పుడు మూడొందల మంది ఉంటేనే అడగాలి. ఒకరికి గడప పెంచారు, ఇంకొకరికి తగ్గించారు.

అసలు యూనియన్ అంటే ఏమిటండీ? ఒకే రకం బతుకు ఉన్నవాళ్ళు ఒక్కటిగా కూర్చుని తమకు కావలసింది అడగడం. ఆ లెక్కన ఈ ఊళ్ళో అన్నిటికన్నా గట్టి యూనియన్లు యజమానులవే. ఎఫ్.కె.సి.సి.ఐ., సి.ఐ.ఐ., నాస్‌కామ్, ఇవన్నీ ఏమిటి మరి? 2024 జులైలో స్థానికులకే ఉద్యోగాలు అని కర్ణాటక మంత్రివర్గం ఒక బిల్లు ఒప్పుకుంది. ఐ.టి. పెద్దలు, నాస్‌కామ్ కాదన్నారు. రెండు రోజుల్లో బిల్లు పక్కన పెట్టేశారు. ఆ బిల్లు ఆగితే మన తెలుగువాళ్ళకు మంచిదే, మేమూ సంతోషించాం. కానీ ఆ వేగం చూడండి. రెండు రోజులు! చెత్త ఎత్తే అమ్మ తన ఉద్యోగం పర్మనెంటు చేయమని అడిగితే ఎన్నేళ్ళు పట్టిందో కింద చెబుతాం.

2023 ఫిబ్రవరిలో కర్ణాటకలో ఫ్యాక్టరీల చట్టం మార్చారు. రోజుకు 12 గంటల దాకా పని చేయించవచ్చు, మూడు నెలల్లో ఓవర్‌టైమ్ 75 గంటల నుంచి 144 గంటలు. వారానికి 48 గంటలే అని ఒక మాట రాశారు, నిజమే, కానీ కాంట్రాక్టరు కింద పనిచేసేవాడికి ఆ లెక్క ఎవరు చూస్తారు? ఆపిల్, ఫాక్స్‌కాన్ అడిగినందువల్లే ఇది వచ్చిందని ఫైనాన్షియల్ టైమ్స్ రాసింది. మన గ్రూపులో ఆ నెలంతా ఒక్కరు కూడా దాని గురించి ఒక్క ముక్క పెట్టలేదు. రెండు నెలలకు, ఏప్రిల్లో, తమిళనాడు అసెంబ్లీలో దాదాపు ఇదే రకం బిల్లు పాసయ్యింది. అక్కడ ఏమయ్యింది? సి.ఐ.టి.యు., ఎ.ఐ.టి.యు.సి., ఆఖరికి అధికార పార్టీ కూటమిలోని పార్టీలు కూడా లేచాయి. పది రోజుల్లో, మే డే నాడు, స్టాలిన్ గారే వెనక్కి తీసుకుంటున్నామన్నారు. కోరిక అదే, కంపెనీల రకం అదే. తేడా ఒక్కటే, అక్కడ అడిగేవాడు మిగిలి ఉన్నాడు.

ఇది ఒక పార్టీ పాపం అని మేము అనడం లేదు. ఇక్కడ 2023లో చేసింది బి.జె.పి. ప్రభుత్వం. తర్వాత వచ్చిన కాంగ్రెస్ ప్రభుత్వం 2024లో ఐ.టి. వాళ్ళకు రోజుకు 14 గంటల దాకా అనే ప్రతిపాదన ముందుకు తెచ్చింది, కె.ఐ.టి.యు. అనే చిన్న యూనియన్ అరిచి గోల చేసింది కాబట్టి బయటపడింది. 2025లో ఆంధ్రాలో తెలుగుదేశం ప్రభుత్వం 9 గంటలను 10 చేస్తామంది, తెలంగాణలో కాంగ్రెస్ ప్రభుత్వం 10 గంటల ఉత్తర్వు ఇచ్చింది. జెండాల రంగులు వేరు, ఫైలు ఒకటే. ఫైలు మీద ఫైలు కదిలించిన వాళ్ళం కాబట్టి మాకు తెలుసు, ఫైలు తనంతట తాను నడవదు.

ఎవరు నడిపిస్తారు? 2017 దాకా ఒక కంపెనీ పార్టీలకు ఇచ్చే చందాకు హద్దు ఉండేది, మూడేళ్ళ సగటు లాభంలో 7.5 శాతం. అది ఎత్తేశారు, ఎవరు ఎవరికిచ్చారో జనానికి తెలియకుండా ఎలక్టోరల్ బాండ్లు తెచ్చారు. 2024 ఫిబ్రవరి 15న సుప్రీంకోర్టు అయిదుగురు జడ్జీలూ ఒక్కమాటగా అది చెల్లదన్నారు. అప్పుడు పేర్లు బయటికొచ్చాయి. మొదటి స్థానం ఒక లాటరీ కంపెనీ, ఫ్యూచర్ గేమింగ్, 1,368 కోట్లు. రెండోది మన హైదరాబాదు మేఘా ఇంజనీరింగ్, 966 కోట్లు. కాళేశ్వరం, జోజిలా సొరంగం లాంటి ప్రభుత్వ పనులు చేసే కంపెనీ. ఆ రోజు మన గ్రూపులో ఒకాయన, తెలుగువాడు రెండో స్థానంలో ఉన్నాడని దండం బొమ్మ పెట్టారు! ఇచ్చినందుకే పనులు వచ్చాయని మేము అనం, అది కోర్టులు తేల్చాలి. కానీ నెలకు వంద రూపాయలు చందా కట్టే యూనియన్ సభ్యుడు వెళ్ళి మంత్రి తలుపు తడితే, 966 కోట్లు కట్టినవాడి వెనకాల వరసలో ఎక్కడ నిలబడతాడు?

యూనియన్లలో తప్పు లేదా అంటే ఉంది. నాయకులు పార్టీలకు తోకలయ్యారు, పర్మనెంటువాళ్ళ డి.ఎ. తప్ప కాంట్రాక్టు కూలీ మొహం చూడలేదు. రైల్వేలో 1990 ప్రాంతంలో 16 లక్షల పైన ఉండేవాళ్ళు, ఇప్పుడు సుమారు 12 లక్షలు. బండ్లు తగ్గాయా? లేదే. తగ్గిన చోటల్లా కాంట్రాక్టరు మనిషి వచ్చాడు, వాడికి పాసు లేదు, క్వార్టరు లేదు, యూనియన్ లేదు.

అయినా మా బోనసు ఎక్కడిది? 1974 మే 8 నుంచి ఇరవై రోజులు రైళ్ళు ఆపిన వాళ్ళు తెచ్చింది. వేల మందిని జైల్లో వేశారు, ఉద్యోగాలు తీశారు, పిల్లా పాపలతో సహా క్వార్టర్లలోంచి బయటికి నెట్టారు. సమ్మె ఓడిపోయింది. అయిదేళ్ళ తర్వాత, 1979-80 నుంచి, రైల్వేకు బోనసు వచ్చింది. మేము ఉద్యోగంలో చేరేసరికి ప్రతి దసరాకూ ఆ డబ్బు చేతికొచ్చేది. తెచ్చినవాళ్ళలో కొందరు మా ఆఫీసులోనే, పక్క టేబులు దగ్గర, నోరు మెదపకుండా లెడ్జరు రాసుకుంటూ ఉండేవాళ్ళు.

ఇంకొక చేదు మాట. ఆ సమ్మెను అణిచినప్పుడు రాష్ట్రపతి భవన్‌లో ఉన్నది మన వి.వి. గిరి గారు, బెంగాల్ నాగపూర్ రైల్వే కార్మికులను నడిపించిన మనిషి. అదే గిరి గారు 1954లో కేంద్ర కార్మిక మంత్రిగా ఉండి, బ్యాంకు ఉద్యోగులకు ట్రిబ్యునల్ ఇచ్చిన తీర్పును ప్రభుత్వం తగ్గించిందని పదవి వదిలేసి బయటికొచ్చారు. మన హాల్లో ఆయన ఫోటో ఉంది, మంచిదే. ఆ రాజీనామా సంగతి కూడా కింద ఒక వాక్యం రాయించండి.

యూనియన్ లేకపోతే గొడవలుండవు అనుకునేవాళ్ళు 2020 డిసెంబరు 12 తలుచుకోవాలి. కోలారు దగ్గర నరసాపురం విస్ట్రాన్ ఫ్యాక్టరీ. సగం తెలుగు మాట్లాడే సీమ. ఎక్కువమంది కాంట్రాక్టు పిల్లలు, జీతం కోతలు, అడగడానికి ఒక నాయకుడు లేడు. పొద్దున్నే అద్దాలు పగిలాయి. తర్వాత తనిఖీలో జీతాలు, పని గంటల విషయంలో తప్పులు జరిగాయని తేలింది, ఆపిల్ కంపెనీయే విస్ట్రాన్‌కు కొత్త ఆర్డర్లు కొన్నాళ్ళు ఆపింది. ఆవిరి ఇంజను చూసినవాళ్ళకు తెలుసు, సేఫ్టీ వాల్వు బిగించేస్తే ఇంజను నిశ్శబ్దంగానే ఉంటుంది, కొంతసేపు.

ఇక హాలు. పొద్దున్నే మన వీధి ఊడ్చే పౌరకార్మికులతో ఎప్పుడైనా మాట్లాడారా? చాలామంది తెలుగే మాట్లాడతారు. చిత్తూరు, అనంతపురం వైపు నుంచి తాతల కాలంలో వచ్చినవాళ్ళు, ఎక్కువమంది దళిత ఆడవాళ్ళు. మన సంఘం సభ్యత్వ పుస్తకంలో వాళ్ళ పేరు ఒక్కటి లేదు. ఏళ్ళ తరబడి కాంట్రాక్టరు దోచిన జీతంతో, గ్లవ్స్ లేని చేతులతో పనిచేశారు. 2022 జులైలో నాలుగు రోజులు చీపుర్లు కింద పెట్టారు. ఊరు కంపు కొట్టాక ప్రభుత్వం దిగొచ్చింది. 2025 మే డే నాడు 12 వేలకు పైగా మందికి పర్మనెంటు నియామక పత్రాలు చేతికొచ్చాయి. మెసేజ్ పెట్టిన పెద్దమనిషి గారూ, బెంగళూరు తెలుగువాళ్ళు ఈ పదేళ్ళలో గెలిచిన పెద్ద గెలుపు ఇదే, గెలిచింది మనం కాదు.

అలాంటి ఆడవాళ్ళు కొందరు వచ్చే మే 1న మీటింగు పెట్టుకోవడానికి మన హాలు అడిగారు. కమిటీ ఏమంది? హాల్లో రాజకీయాలు వద్దు అంది. సరే. మరి పోయిన ఏడు ఒక బిల్డరు డబ్బుతో ఉగాది చేసి, ఆయన పక్కన ఎన్నికల్లో నిలబడబోయే ఒకాయనను కూర్చోబెట్టి ఇద్దరికీ శాలువాలు కప్పాం కదా, అది భజన కార్యక్రమమా? ఆ వేదిక మీదే, మన లేఅవుట్ చెరువు గట్టు రోడ్డు త్వరలో వెడల్పు చేయిస్తానని ఆయన మాటిచ్చారు. రోడ్డు ఎవరి స్థలం దాకా వెళుతుందో అందరికీ తెలుసు.

వచ్చే ఆదివారం జనరల్ బాడీకి మేము ఒక తీర్మానం రాసి సెక్రటరీ గారికి ఇచ్చాం. మే 1న హాలు పౌరకార్మికులకు ఇవ్వాలి అని రెండే వాక్యాలు. అజెండాలో చేర్చలేదు, "ఇతర విషయాలు"లో చూస్తామన్నారు. ఇతర విషయాలు వచ్చేసరికి అందరూ భోజనానికి లేచిపోతారు, అది మాకు కొత్త కాదు. అందుకే ఈసారి భోజనానికి ముందే లేచి అడుగుతాం. బైలా ప్రకారం పదిమంది సంతకాలు కావాలి, మా దగ్గర ఏడు ఉన్నాయి. మిగిలిన మూడు ఇచ్చేవాళ్ళు శనివారం సాయంత్రం ఆరింటికి పార్కు రెండో గేటు దగ్గర బెంచీకి రండి. కమిటీకి అద్దె కావాలంటే అది కూడా మేమే తలా కొంత వేసుకుని కట్టేస్తాం. రసీదు మాత్రం పౌరకార్మికుల సంఘం పేరు మీద రాయండి.