పైసలకు రాస్తా ఉంది, సలాముకు లేదా?

ఫోన్‌పే నుంచి కొట్టిన వంద రూపాయలు గూగుల్ పే వాడే దుకాణందారుకు క్షణంలో ముడుతున్నాయి. 2016లో వచ్చిన యూపీఐ ఆ రాస్తా వేసింది. అదే ఫోన్‌లో వాట్సాప్ నుంచి టెలిగ్రామ్‌కు ఒక్క సలాం పంపండి చూద్దాం! పోదు.

ఎందుకంటే, ఫోన్లు వేరు, సిస్టమ్‌లు వేరు, బహుత్ ముష్కిల్ అంటారు. సాఫ్ ఝూట్! ఆ ముష్కిల్ నలభై ఏళ్ల కిందే ఆసాన్ అయింది.

మన ఇళ్లలో ఉర్దూ కుడి నుంచి, తెలుగు ఎడమ నుంచి చదువుతాం. కంప్యూటర్లలోనూ ఈ ఫరక్ ఉంది. 258ని కొన్ని మెషీన్లు రెండు బైట్లలో 1, 2 అని దాస్తాయి. ఇంటెల్ చిప్పులు 2, 1 అని దాస్తాయి. ఒకటి రాసింది ఇంకొకటి తన తరీఖాలో చదివితే 258 కాస్తా 513 అయి కూర్చుంటుంది. ఈ ఝగడా ఆపండని డానీ కోహెన్ 1980లోనే వ్యాసం రాశాడు. ఇంటర్నెట్‌లో సులహ్ కుదిరింది: మీ ఇంట్లో ఎట్లయినా రాసుకోండి, గడప దాటేటప్పుడు మాత్రం పెద్ద బైట్ ముందు. 1983లో యూనిక్స్‌లో వచ్చిన సాకెట్లు తర్వాత విండోస్‌లోకీ వచ్చాయి. రెండు ప్రోగ్రాములు మాట్లాడుకోవడానికి ఒకే మెషీన్ అక్కర్లేదు, ఒకే కరార్ చాలు.

చాటింగ్‌కూ అలాంటి కరార్ ఉంది, పేరు ఎక్స్‌ఎంపీపీ. 2005లో గూగుల్ టాక్ దానితోనే మొదలై, మరుసటి ఏడాది బయటి సర్వర్లకు దర్వాజా తెరిచింది. 2013లో హ్యాంగౌట్స్ తెచ్చి మూసే పని మొదలుపెట్టింది. అప్పుడు మెషీన్లు మారాయా? నియత్ మారింది.

హిఫాజత్ కోసం మూశామనేది ఇంకో బహానా. యూరప్ కానూన్ 2024 మార్చి నుంచి వాట్సాప్‌ను, ఇతర యాప్‌లు అడిగితే రాస్తా ఇవ్వమంటోంది, అదీ ఎన్‌క్రిప్షన్ తగ్గకుండా. అక్కడ ముమ్కిన్ అయింది ఇక్కడ ఎందుకు కాదు?

అబ్బా దమ్మామ్‌లో, అమ్మీ కర్నూలులో, బేటా షికాగోలో ఉన్న ఖాందాన్ యాప్ మార్చాలంటే అందరూ ఒకేసారి మారాలి. మారలేరని కంపెనీకి తెలుసు. అదే దాని నఫా.

పైసలకు వేసిన రాస్తా మాటకూ వేయమని హుకూమత్‌ను అడుగుదాం. ఇంజనీరింగ్ చదివే మన పిల్లలకూ చెబుదాం: మీరు రాసే ప్రోగ్రాముతో మాట్లాడే తరీఖా ఖుల్లాగా రాసిపెట్టండి. ఎవరి యాప్‌లో వాళ్లుండి తమవాళ్లతో మాట్లాడుకోవడం మన హక్.