మనం అడగని దారి

ఏ సంఘంలోనైనా ఆదివారం ప్రార్థన మనవుల చీటీలు విప్పి చూస్తే మన బతుకంతా అక్కడే కనిపిస్తుంది. అబ్బాయికి వీసా ఇంటర్వ్యూ ఉంది. అమ్మాయికి రెండు సంబంధాలు వచ్చాయి, దేవుని చిత్తం తెలియాలి. ఉన్న ఉద్యోగం వదులుకుని హైదరాబాద్ వెళ్లాలా, వద్దా? నాన్నకు ఆపరేషన్ గుంటూరులోనే చేయించాలా, విజయవాడ తీసుకెళ్లాలా? ఇంత చిన్న సంగతులకు కూడా దేవుణ్ని అడగాలా అని కొందరు పెద్దలు విసుక్కుంటారు. వాళ్లతో మేము ఏకీభవించలేం. పిచ్చుక నేల రాలినా తండ్రికి తెలుసని యేసు చెప్పాడు. అలాంటి తండ్రికి ఒక ఇంటివాళ్ల దిగులు చిన్నదెలా అవుతుంది?

అడగాలి. అయితే వచ్చిన జవాబును గుర్తుపట్టే తీరు గురించి కాస్త ఆలోచించాలి. డిసెంబరు 31 రాత్రి ఆరాధనలో అందుకున్న వాగ్దానం కార్డును బైబిల్లో దాచుకుని, కష్టం వచ్చినప్పుడల్లా తీసి చదువుకునే తల్లుల విశ్వాసం మాకు ఎంతో విలువైనది. ఆ కార్డు వాళ్లకు ధైర్యమిస్తుంది. ముందే తీసుకున్న నిర్ణయానికి ముద్ర వేయించుకోవడానికి వాక్యం వెతకడం మాత్రం వేరు. మనసు ఒకవైపు మొగ్గిపోయాక ఏ పేజీ తెరిచినా అది ఆ వైపే చెబుతున్నట్టుంటుంది.

బైబిలు తెరిచి దారి తెలుసుకున్న ఒక సంఘటన మన ఒంగోలులోనే జరిగింది. అమెరికన్ మిషనరీ జాన్ ఎవరెట్ క్లౌ, ఆయన భార్య హారియెట్ 1866లో అక్కడికి వచ్చి స్థిరపడ్డారు. బడి పెడితే బ్రాహ్మణుల పిల్లలు చేరారు, పట్టణంలో పెద్దల ఆదరణ దొరికింది. ఆ సమయంలోనే యర్రగుంట్ల పేరయ్య అనే తోళ్ల వ్యాపారి విశ్వాసంలోకి వచ్చాడు. ఆయన వెనుక పల్లెల నుంచి మాదిగలు బాప్తిస్మం అడుగుతూ రాసాగారు. వాళ్లను చేర్చుకుంటే మా పిల్లలు మీ బడికి రారని పట్టణం పెద్దలు తేల్చి చెప్పారు. క్లౌ కలవరపడ్డారు. తన గదిలోకి వెళ్లి, అక్కడ పేర్చి ఉన్న బైబిళ్లలో ఒకటి తీసి తెరిచారు. కొరింథీయులకు పౌలు రాసిన మొదటి పత్రిక మొదటి అధ్యాయం కనిపించింది. దేవుడు పిలిచినవాళ్లలో గొప్ప వంశీకులు, లోకం మెచ్చిన జ్ఞానులు ఎక్కువమంది లేరని పౌలు గుర్తుచేసే చోటు అది. భార్యతో చెబుదామని వెళితే, వేరే గదిలో ఉన్న హారియెట్‌కు కూడా అదే భాగం తెరుచుకుంది.

ఈ కథ ప్రసంగాల్లో చాలాసార్లు వింటాం. ఇద్దరికీ ఒకే పేజీ దొరకడమనే ఆశ్చర్యం దగ్గరే సాధారణంగా ఆగిపోతాం. మమ్మల్ని కదిలించేది ఆ తర్వాత జరిగినది. ఆ వాక్యం వాళ్ల పనికి నష్టం తెచ్చే వైపు చూపించింది. పట్టణంలో ఉన్న పలుకుబడి పోతుంది, బడి ఖాళీ అవుతుంది. అయినా వాళ్లు దాన్ని పక్కన పెట్టి ఇంకో పేజీ తిప్పలేదు. గడప దగ్గర నిలబడినవాళ్లను లోపలికి పిలిచారు. అనుకున్నట్టే బ్రాహ్మణుల పిల్లలు బడి మానేశారు. ఆ గడప దాటి వచ్చినవాళ్ల మనవలు, మునిమనవలు ఈరోజు టీచర్లుగా, నర్సులుగా, పాస్టర్లుగా ఈ నేలంతటా ఉన్నారు.

పదేళ్లకు 1876-78 కరువు వచ్చింది. ఆకలితో జనం రాలిపోతుంటే క్లౌ బకింగ్‌హామ్ కాలువలో మూడున్నర మైళ్ల తవ్వకం కాంట్రాక్టుకు తీసుకుని వేలమందికి కూలి చూపించారు. బోధకుడు కాకముందు అమెరికాలో ఆయన సర్వేయరుగా పనిచేశారు. ఆ కొలతల విద్య తెలుగు నేల మీద జనాన్ని బతికించడానికి పనికొస్తుందని ఆ రోజుల్లో ఆయనకు ఎవరు చెప్పగలరు? మనం వృథా అనుకున్న ఏళ్లను దేవుడు ఎలా దాచి ఉంచుతాడో ఇక్కడ చూస్తాం. ఆ కరువులో బాప్తిస్మం కోసం వచ్చినవాళ్లు ఎందరో. తిండి కోసం ఎవరూ మతం మారకూడదని ఆయన ఏడాదికి పైగా ఎవరికీ బాప్తిస్మం ఇవ్వలేదు. కరువు పని ముగిశాక కూడా వాళ్లు వెనక్కి తగ్గలేదు. 1878 జూలై 3న గుండ్లకమ్మ నదిలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు. ఆ సంఖ్యను మనం గర్వంగా చెప్పుకుంటాం. దానికి ముందు ఆయన వద్దని ఆపిన నెలల గురించి కూడా అంతే గర్వంగా చెప్పుకోవాలి.

దేవుని చిత్తం పేరుతో మన ఇళ్లలో జరిగే ఒక అన్యాయం గురించి ఇక్కడ చెప్పక తప్పదు. పెళ్లి ఇష్టం లేదన్న అమ్మాయితో ‘ఇది దేవుని చిత్తమని ప్రభువు నాకు చూపించాడమ్మా’ అని ఇంటి పెద్దో, సంఘ పెద్దో చెబుతారు. ఆ మాటకు ఆ పిల్ల ఏం జవాబివ్వగలదు? దేవుని పేరుతో ఆమె నోరు మూయించినట్టే. యెరూషలేములో అపొస్తలులంతటివాళ్లే కూర్చుని, వాదించుకుని, ఒకరి మాట ఒకరు విని అన్యజనుల సంగతి తేల్చారు. ఆ సంగతి అపొస్తలుల కార్యములు 15వ అధ్యాయంలో ఉంది. పరిశుద్ధాత్మ నడిపింపుకు ఆ చర్చ అడ్డం రాలేదు. ఇంట్లో అమ్మాయి మాట వింటే మాత్రం ఎందుకు అడ్డం వస్తుంది?

రెండు ఉద్యోగాలూ నీతిగలవే అయితే, రెండు ఊళ్లలోనూ ఆయన్ని సేవించగలిగితే, బహుశా తండ్రి ఆ ఎంపికను మనకే వదిలేశాడేమో. ప్రార్థించి, తెలిసినవాళ్లను అడిగి, ఒకదాన్ని ఎంచుకుని కదలడం కూడా ఆయన మీద భారం వేయడమే. ఇంకే సూచనా అక్కరలేని సంగతులు చాలా ఉన్నాయి. పనిమనిషికి ఇవ్వాల్సిన జీతం, మాటలు మానేసిన తోబుట్టువు, ఊళ్లో ఒంటరిగా ఉన్న అమ్మ, వీటన్నిటికీ జవాబులు ముందే రాసిపెట్టి ఉన్నాయి.

సరైన దారిలో నడిచినా దెబ్బలు తగులుతాయి. రాత్రి వచ్చిన దర్శనాన్ని నమ్మి మాసిదోనియ వెళ్లిన పౌలు ఫిలిప్పీలో చెరసాల పాలయ్యాడు. మన సాక్ష్యాల సమయంలో వీసా వచ్చినవాళ్లు, ఉద్యోగం దొరికినవాళ్లు, జబ్బు నయమైనవాళ్లు లేచి నిలబడతారు, సంఘమంతా సంతోషిస్తుంది. అదే ప్రార్థన అంతే కన్నీళ్లతో చేసి, అడిగినది దొరకనివాళ్లు వెనుక వరుసల్లో తల వంచుకుని కూర్చుంటారు, తమ విశ్వాసంలోనే లోపముందేమోనని కుమిలిపోతూ. సంఘ కాపరులకు మా మనవి ఒక్కటే. వచ్చే ఆదివారం వాళ్లకూ మైకు ఇవ్వండి. వాళ్లు ఏమి పోగొట్టుకున్నారో, అయినా ఇంకా ప్రార్థనకు ఎలా వస్తున్నారో చెప్పనివ్వండి.