నిర్దోషి జైలులో పోగొట్టుకున్న ఏళ్లకు ప్రభుత్వం బాధ్యత వహించాలి
(మోకిల, శంకర్‌పల్లి, చేవెళ్ల, మొయినాబాద్ ప్రజలకు)

2025 మార్చిలో విడుదలైన ‘కోర్ట్’ చిత్రంలో పోక్సో కేసులో ఇరుక్కున్న చందు నిర్దోషిగా బయటపడగానే ప్రేక్షకులు చప్పట్లు కొట్టారు. కోర్టు సినిమాలు తీర్పుతోనే ముగుస్తాయి గనుక, అప్పటికే జైలులో గడిచిపోయిన రోజులకు ఎవరు జవాబుదారు అన్న ప్రశ్న తెర మీదికి రాదు. చట్టసభల్లోనూ అది తేలలేదు.

తెర బయటి ఉదాహరణ చూడండి. అమలాపురంలో పుట్టి ఢిల్లీ విశ్వవిద్యాలయంలో పాఠాలు చెప్పిన జి.ఎన్. సాయిబాబా పోలియో వల్ల 90 శాతం వైకల్యంతో చక్రాల కుర్చీకే పరిమితమైన మనిషి. 2014 మేలో అరెస్టయి, మధ్యలో కొంతకాలం బెయిలుపై ఉండి, 2017లో పడిన యావజ్జీవ శిక్షతో నాగపూర్ జైలులోని అండా సెల్‌కు, అంటే గుడ్డు ఆకారంలో కట్టిన గట్టి కాపలా గదుల సముదాయానికి చేరారు. 2020లో కన్నతల్లి పోతే కడసారి చూపుకైనా పంపలేదు. 2022లో మరుగుదొడ్డి, స్నానం చేసే చోటు కనబడేలా కెమెరా బిగించారని కుటుంబం మొరపెట్టుకుంది. కుర్చీ దిగలేని ఆ మనిషి అన్నం మాని నిరసన తెలపవలసి వచ్చింది. ఆ ఏడాది అక్టోబరు 14న హైకోర్టు విడుదల చేయమంటే, మర్నాడు శనివారమైనా సుప్రీంకోర్టు ప్రత్యేకంగా కూర్చుని ఆ తీర్పును నిలిపివేసింది. 2024 మార్చి 5న హైకోర్టు మళ్లీ నిర్దోషి అని తేల్చింది. ఏడు నెలలకే, అక్టోబరు 12న, హైదరాబాద్ నిమ్స్‌లో ఆయన కన్నుమూశారు.

అలా జైలులో పోయిన ఏళ్లకు పరిహారం కోరే హక్కు ఏ చట్టంలోనూ లేదు. నిర్దోషిగా తేలాక కూడా 14 ఏళ్లు బీహార్ జైలులో మగ్గిన రుదుల్ సాకు 1983లో సుప్రీంకోర్టు ఇప్పించిన సొమ్ము న్యాయమూర్తుల విచక్షణతో వచ్చిందే తప్ప చట్టసభ చేసిన చట్టంతో కాదు. అన్యాయపు ప్రాసిక్యూషన్‌కు బలైనవారికి పరిహారమిచ్చే చట్టం చేయాలని లా కమిషన్ 2018 ఆగస్టులో తన 277వ నివేదికలో చెప్పినా, ఆ చట్టం నేటికీ రాలేదు. మనిషిని లోపల వేయడానికి క్షణం ఆలోచించని యంత్రాంగం అతని బతుకు లెక్క అడిగితే మొహం చాటేయడం సిగ్గుమాలినతనం. పోలీసుల స్థైర్యం దెబ్బతింటుందన్న వాదన నిలవదు, నిజాయితీగా దర్యాప్తు చేసినవారు ఇటువంటి చట్టానికి భయపడనక్కరలేదు.

నేర విచారణ ఉమ్మడి జాబితాలోని అంశం గనుక పార్లమెంటు, శాసనసభ రెండూ దీనిపై చట్టం చేయవచ్చు. ఊరూరా సంతకాలు సేకరించి చేవెళ్ల పార్లమెంటు సభ్యునికీ శాసనసభ్యునికీ అందజేసి, సభలో ఎప్పుడు ప్రస్తావిస్తారో వారి చేత రాతపూర్వకంగా చెప్పించాలి.