రెండు మాటలంటే ఎన్ని నిమిషాలండీ?

ఈ వారం వంటలూ వడియాలూ కాదు. నాకు కోపంగా ఉంది.

మొన్న మదనపల్లెలో ఒక చోట టమాటా తెగుళ్ల మీద సెమినారు జరిగింది. ఎక్కడని అడక్కండి, చెప్పను. మా ఆడపడుచు కూతురు అక్కడ పేపరు చదవాలి. ఆకుముడత వైరస్‌ని తెల్లదోమ మొక్కనించి మొక్కకి ఎలా మోసుకుపోతుందో, దాన్ని ఎలా ఆపాలో చెప్పాలి. దానికిచ్చింది పదిహేను నిమిషాలు. పాపం, తెల్లారకముందే కుప్పంలో బస్సెక్కి పలమనేరు, పుంగనూరు మీదుగా వచ్చింది. తోడుగా నేనూ వెళ్లాను. వెనక వరసల్లో రైతులు. అందులో ఒకావిడ, ఆకులు ముడుచుకుపోయిన టమాటా మొక్కని వేళ్లతో సహా పీకి గోనెసంచిలో తెచ్చుకుంది.

పదింటికన్న సభ పదకొండుంబావుకి మొదలైంది. దీపం వెలిగించబోతే అగ్గిపుల్ల ఆరిపోవడం, ఫ్యాను కట్టేయమని కేకలు. వేదిక మీద తొమ్మిదిమంది, తొమ్మిది శాలువలు. "రెండు మాటలు చెప్పి ముగిస్తాను" అని లేచినవారెవరూ ముగిస్తే ఒట్టు! ఒకాయన, 1919లో ఠాగూరు మన బీసెంట్ కాలేజీకి వచ్చి జనగణమనని ఇంగ్లీషులోకి అనువదించిన సంగతి ఎత్తుకున్నారు. నిజమే, మన ఊరికి గర్వమే. కానీ జాతీయగీతం పాడటానికి పట్టేది 52 సెకన్లు. దాని గురించి ఈయనకి పట్టింది ఇరవై నిమిషాలు.

పిల్ల లేచేసరికి ఒంటిగంట. "అయిదు నిమిషాల్లో కానిచ్చెయ్యమ్మా, భోజనాలు చల్లారిపోతున్నాయి" అన్నారు. అది గాభరాపడి రైలుబండిలా చదువుకుపోయింది. తెరమీద చూస్తే చీమలబారుల్లా అక్షరాలు. (ఇది మాత్రం దాని తప్పే. ఇంటికొచ్చాక "ముప్ఫై బొమ్మలెందుకే?" అంటే, "కష్టపడ్డానని తెలియొద్దా అత్తా!" అంది.) ముందు వరసలో ఒక పెద్దమనిషి సెల్‌ఫోన్లో స్థలం బేరం. ప్రశ్నలడగండి అనగానే ఇంకొకాయన లేచి తన అనుభవాలు మొదలెట్టారు. అందులో ప్రశ్న ఎక్కడుందో నాకైతే దొరకలేదు. సంచీ ఆవిడ చెయ్యెత్తింది. "టైము లేదమ్మా" అన్నారు. మొక్కని సంచిలోనే మళ్లీ మడిచిపెట్టుకుని వెళ్లిపోయింది. ఆవిడక్కావలసిన సమాధానం పదడుగుల దూరంలో కాగితాలు సర్దుకుంటోంది!

శాలువ కప్పకపోతే పెద్దలు నొచ్చుకుంటారంటారు మావారు. కప్పండి, ఎవరొద్దన్నారు? ముహూర్తం దాటనిచ్చి వియ్యాలవారికి బట్టలు పెడతామా? పేపర్లయ్యాక కప్పండి.

లండన్ రాయల్ ఇన్‌స్టిట్యూషన్‌లో 1825లో శుక్రవారం ఉపన్యాసాలు మొదలుపెట్టిన ఫారడే, అంతటి శాస్త్రజ్ఞుడు, తను మరీ వేగంగా మాట్లాడుతుంటే "నిదానం" అనీ, గంట కావస్తుంటే "టైము" అనీ రాసిన అట్టముక్కలు చూపించమని సహాయకుడికి చెప్పిపెట్టుకునేవాడట. మనవాళ్లకి చీటీ పంపితే అవమానం.

అలాగని మనమేం తక్కువ తిన్నాం? మన పిల్ల చదవడం అవగానే కొంగు దులుపుకుని లేచిపోతాం. ఆ తరవాతి పిల్ల ఖాళీ కుర్చీలకి చెప్పుకోవాలి. ఆరోజు నేనూ లేవబోయి, సిగ్గేసి కూర్చున్నాను.

వచ్చేనెల కుప్పంలో ఇంకో సెమినారట. పాత క్యాలెండరు అట్ట కత్తిరించి "టైము" అని పెద్దక్షరాలతో రాసి పెట్టుకున్నాను. ముందు వరసలోనే కూర్చుంటాను. చూపించేది మాత్రం మా పిల్లకి కాదు.